మూడడుగుల గోల్డ్‌ఫిష్ ట్యాంకుకు బయో ఫిల్టరు: స్పాంజి సరిపోతుందా, క్యానిస్టర్ కావాలా?

ప్రశ్న: ఉప్పల్ నివాసి

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదు ఉప్పల్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో 36 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు గల గాజు ట్యాంకును కొత్తగా పెట్టించాను. అడుగున గులకరాళ్లు పోసి, పైన కొంచెం వెలితి వదిలితే నికరంగా 140 లీటర్ల నీళ్లు పడుతున్నాయి. ఇందులో మూడు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లను పెంచాలని మా అమ్మాయి కోరిక. చేపలను ఇంకా తేలేదు. ఫిల్టరు సంగతి తేలిన తరువాతనే తెస్తానని ఆమెకు మాట ఇచ్చాను.

ఇంత జాగ్రత్తకు కారణం ఉన్నది. నిరుడు మాకు రెండడుగుల ట్యాంకు ఉండేది. ఫిల్టరులోని స్పాంజిని, సిరామిక్ రింగులను నెలకొకసారి నల్లా కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా కడగాలని ఆ ట్యాంకు అమ్మిన దుకాణదారు చెప్పారు. నేను తు.చ. తప్పకుండా అలాగే చేశాను. మూడో నెల కడిగిన నాలుగో రోజు పొద్దున చూసేసరికి చేపలన్నీ నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరుచుకొని ఉన్నాయి, మొప్పలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆరో రోజుకు ఒక్కటీ మిగలలేదు. నీళ్లు మాత్రం అద్దంలా తేటగానే ఉన్నాయి. నీళ్లు తేటగా ఉండగా చేపలు ఎందుకు చనిపోయాయని మా అమ్మాయి అడిగితే, ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి, చేపలు విడిచే విషమైన అమోనియాను మార్చే ఫిల్టరులోని బాక్టీరియాను నా చేతులతో నేనే కడిగి పారబోశానని అర్థం చేసుకున్నాను.

ఇప్పుడు నా ముందు నాలుగు దారులున్నాయి. బాక్టీరియా నిలిచే కాల్చిన గాజు ముక్కలు (మీడియా) నింపిన క్యానిస్టర్, అంటే ట్యాంకు బయట పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టరు, తీసుకొమ్మని ఒకరు చెబుతున్నారు, వెనుక గోడకు తగిలించే హ్యాంగాన్ చాలునని మరొకరు అంటున్నారు. మా పక్కింటివారు ఏళ్ల తరబడి ట్యాంకు పైన అమర్చే టాప్ ఫిల్టరుతో నెట్టుకొస్తున్నారు. వీటన్నిటికంటే చవకైనది ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు. మీడియా డబ్బాల మీద లీటరుకు ఇన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలం అని రాసి ఉంటున్నది. ఆ అంకెను చూసి ఎంచుకోవలసిందేనా, లేక చూడవలసినది ఇంకేమైనా ఉన్నదా? మాకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చి సంపులో పడతాయి, చాలనప్పుడు అందులోకే బోరు నీళ్లు కలుపుతారు. ఇన్వర్టర్ ఉన్నది గానీ అది రెండు ఫ్యాన్లకు, నాలుగు దీపాలకు మాత్రమే. ఎండాకాలం గాలిదుమారం లేచిన రాత్రులలో కరెంటు గంటల తరబడి పోతుంది. ఈ పరిస్థితిని దృష్టిలో పెట్టుకొని సలహా ఇవ్వవలసిందిగా అనుభవజ్ఞులను కోరుతున్నాను.


జవాబు: తార్నాక మాస్టారు

ఉప్పల్ నివాసి గారూ, చేపలు తేకముందే అడిగారు, అందుకు చాలా సంతోషం. డబ్బా మీది ఉపరితలపు అంకెను కాసేపు పక్కన పెట్టి, మీ ట్యాంకులో రోజుకు ఎంత అమోనియా పుడుతుందో ముందు లెక్క వేద్దాం. ఎంత పని చేయించుకోవాలో తెలియకుండా పనిముట్టును ఎంచుకోలేము కదా.

చేప విడిచే అమోనియాలో అధిక భాగం మొప్పల ద్వారానే నీటిలోకి వస్తుంది, దానికి మూలం మేతలోని మాంసకృత్తులు. మేత బరువును అందులోని మాంసకృత్తుల భాగంతో హెచ్చించి, దాన్ని మళ్లీ 0.092తో హెచ్చిస్తే అమోనియా రూపంలో వచ్చే నత్రజని బరువు వస్తుందని చేపల పెంపకం చేసేవారు లెక్క కడతారు. మీ మూడు ఒరాండాలు కలిసి రోజుకు 2 గ్రాముల మేత తింటాయనుకుందాం. మేతలో మాంసకృత్తులు 35 శాతం అయితే 2ను 0.35తో, ఆపైన 0.092తో హెచ్చించగా 0.064 గ్రాములు, అంటే రోజుకు 64 మిల్లీగ్రాముల నత్రజని. దీన్ని 140 లీటర్లకు పంచితే లీటరుకు సుమారు 0.46 మిల్లీగ్రాములు. ఫిల్టరులో బాక్టీరియా లేని ట్యాంకులో నాలుగు రోజులు గడిస్తే ఇది 1.8 దాటుతుంది. నిరుడు మీకు నాలుగో రోజున కనిపించినది ఇదే.

ఇక ఈ 64 మిల్లీగ్రాములను మార్చడానికి ఎంత ఉపరితలం కావాలి? బాగా స్థిరపడిన ఫిల్టరులో ఒక చదరపు మీటరు బాక్టీరియా పొర రోజుకు 0.2 గ్రాముల నుంచి గ్రాము దాకా నత్రజనిని మార్చగలదు. ఇంటి ట్యాంకులో అమోనియా ఎప్పుడూ అతి స్వల్పంగానే ఉంటుంది కాబట్టి బాక్టీరియా అంత వేగంగా పనిచేయదు. అందువల్ల ఆ అంకెను సగానికి తగ్గించి 0.1 గ్రాము అనుకున్నా, మీకు కావలసినది 0.64 చదరపు మీటరు మాత్రమే. అన్ని వైపులా 10 సెంటీమీటర్లుండే స్పాంజి ముక్క ఒక లీటరు ఘనపరిమాణం. ముతక రంధ్రాల స్పాంజి అయినా ఆ ముక్కలో సుమారు ఒక చదరపు మీటరు ఉపరితలం ఉంటుంది. అంటే అరచేతిలో పట్టే స్పాంజి ముక్క మీ మూడు చేపల అమోనియాకు లెక్క ప్రకారం చాలు. గులకరాళ్ల మీద, గాజు గోడల మీద పెరిగే బాక్టీరియా దీనికి అదనం.

మరి లీటరుకు వందల చదరపు మీటర్లు అన్న మాట ఏమిటి? అది అబద్ధం కాదు, కానీ మనకు అక్కరకు వచ్చే అంకె కాదు. ఆ ఉపరితలంలో దాదాపు అంతా కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాల లోపలిది. బాక్టీరియా విడివిడిగా కూర్చోదు, జిగురు పొర కట్టుకొని బతుకుతుంది. ఆ పొర రంధ్రం మూతిని కప్పివేసిన తరువాత లోపలికి నీళ్లు పోవు, ఆక్సిజన్ అసలే పోదు. లోపల ఆక్సిజన్ లేనిచోట, అమోనియా మారగా చివరికి మిగిలే నైట్రేట్‌ను వాయువుగా మార్చే బాక్టీరియా పెరిగి, నీళ్లు మార్చే పనే తప్పుతుందని కొందరు అమ్మకందారులు చెబుతారు. అది జరగాలంటే అక్కడికి నైట్రేట్‌తోపాటు ఆహారంగా కర్బన పదార్థం కూడా అందుతూ ఉండాలి. ఇంటి క్యానిస్టర్‌లో ఆ ఫలితం లెక్కలోకి వచ్చేంత ఉండదు. నీళ్లు మార్చక తప్పదు.

నా అభిప్రాయంలో అసలు ఎంపిక ఉపరితలం గురించి కాదు, ఆక్సిజన్ గురించి. గ్రాము అమోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. మీ 64 మిల్లీగ్రాములకు అది రోజుకు దాదాపు 290 మిల్లీగ్రాములు. ఇప్పుడు మన ఎండాకాలాన్ని తలచుకోండి. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు, అదే నీరు 32 డిగ్రీలకు చేరితే 7.3 మాత్రమే. ఇవి సముద్రమట్టం దగ్గరి అంకెలు. హైదరాబాదు 500 మీటర్లకు పైన ఉన్నది కాబట్టి మనకు ఇంకొంచెం తక్కువే. మే నెలలో మీ ట్యాంకు నీటిలో మొత్తం కలిసి గ్రాముకు అటూ ఇటూగా ఆక్సిజన్ ఉంటుందనుకుంటే, ఈ బాక్టీరియా ఒక్కటే ప్రతిరోజూ అందులో సుమారు మూడో వంతును వాడుకుంటుంది. చేపల ఊపిరి, మురికిని కుళ్లబెట్టే ఇతర బాక్టీరియా వాడకం దీనికి వేరు. కాబట్టి నీటి పైపొరను ఎడతెగకుండా కదిలిస్తూ, మీడియాకు ఆక్సిజన్ నిండిన నీటిని అందించే ఫిల్టరు మీకు కావాలి. బుడగలతో నడిచే స్పాంజి ఆ పనిని చక్కగా చేస్తుంది. మీ పక్కింటివారి టాప్ ఫిల్టరు కూడా చేస్తుంది, ఎందుకంటే అందులో నీళ్లు గాలి తగులుతూ మీడియా మీద పడతాయి. మూత బిగించిన క్యానిస్టర్‌లోని మీడియాకు మాత్రం గొట్టం ద్వారా వచ్చిన నీటిలో ఉన్నంత ఆక్సిజనే దక్కుతుంది.

ఈ బాక్టీరియా గురించి మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. వీటిని వేరుచేసి, ఇవి అమోనియాను మార్చే శక్తితోనే బతుకుతాయని 1890 ప్రాంతంలో చూపినవారు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ. అమోనియాను నైట్రైట్‌గా ఒక జాతి, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మరొక జాతి మారుస్తాయని, ఆ రెండో జాతి నైట్రోబాక్టర్ అని మా చదువు రోజుల్లో చెప్పేవారు. అక్వేరియం ఫిల్టర్లలో ఆ రెండో పని ప్రధానంగా నైట్రోస్పైరా చేస్తున్నదని 1998లో తేలింది. రెండు పనులనూ ఒక్కటే చేయగల నైట్రోస్పైరా కూడా ఉన్నదని 2015లో బయటపడింది. నూట పాతికేళ్లు పరిశోధించినా ఇంకా కొత్త సంగతులు చెబుతున్న ఈ జీవులు మీ హాల్లోనే ఉంటాయంటే ఆమెకు తప్పక ఆసక్తి కలుగుతుంది.

నా సలహా ఇది: రెండు పెద్ద స్పాంజి ఫిల్టర్లను, ట్యాంకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టండి.


జవాబు: మల్కాజిగిరి

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే గోల్డ్‌ఫిష్ విషయంలో స్పాంజి ఒక్కటే చాలునన్న ముగింపుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఒరాండా తిన్నదంతా గంటల్లో దారాల్లాంటి మలంగా విడుస్తుంది, అడుగున గులకరాళ్లను నోటితో తిరగేస్తూనే ఉంటుంది. ఆ మురికి అంతా స్పాంజి మీద పేరుకొని రంధ్రాలను మూసివేస్తే, లెక్కలో ఉన్న ఉపరితలం లెక్కలోనే మిగులుతుంది. మురికిని పట్టే పని ఒకదానికి, అమోనియాను మార్చే పని ఇంకొకదానికి అప్పగించడం మేలని నా అనుభవం. నేను ఒక చివర స్పాంజి ఫిల్టరు, మరో చివర టాప్ ఫిల్టరు నడుపుతున్నాను. టాప్ ఫిల్టరులో పైన పలుచటి దూది పొర, కింద ముతక స్పాంజి ముక్కలు ఉంటాయి. దూదిని వారానికొకసారి నిస్సంకోచంగా పారేస్తాను. కింది స్పాంజిని మాత్రం నల్లా దగ్గరికి తీసుకువెళ్లను.

ఇంతకుముందు నాకు క్యానిస్టరే ఉండేది. అది ఎందుకు వదిలేశానో చెబుతాను, కరెంటు గురించి మీరు రాసిన వాక్యం చదవగానే నాకు ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. మూడేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి మా వీధిలో చెట్టు కూలి తీగల మీద పడింది. ఆరున్నరకు పోయిన కరెంటు తెల్లవారుజామున నాలుగు దాటాక వచ్చింది. కరెంటు రాగానే క్యానిస్టర్ తనంతట తానే మొదలైంది. నేను నిద్రలో ఉన్నాను. పొద్దున హాల్లోకి అడుగు పెట్టగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గొట్టం నుంచి ట్యాంకులోకి సన్నటి నల్లటి తునకలు ఇంకా వస్తూనే ఉన్నాయి, ఏడు చేపల్లో నాలుగు అప్పటికే తేలాయి.

జరిగింది ఇది. 5 లీటర్ల క్యానిస్టర్‌లో నిలిచిపోయిన నీటిలో ఉండే ఆక్సిజన్ 35 మిల్లీగ్రాములకు మించదు. రెండు నెలల మురికి పేరుకున్న డబ్బాలో అది ఎంతోసేపు నిలవదు. ఆ తరువాత మంచి బాక్టీరియా మందగించి, ఆక్సిజన్ అక్కరలేని బాక్టీరియా మురికిని కుళ్లబెట్టడం మొదలుపెడుతుంది. కరెంటు రాగానే ఆ విషమంతా ఒక్కసారిగా ట్యాంకులో పడుతుంది. కాబట్టి ఎవరైనా క్యానిస్టరే వాడదలచుకుంటే, కరెంటు పోయిన వెంటనే దాని ప్లగ్గు తీసివేయండి. గంటకు మించి ఆగితే, మూత తెరిచి లోపలి నీళ్లను పారబోసి, మీడియాను ట్యాంకు నీటితో జాడించిన తరువాతే తిరిగి నడపండి. క్యానిస్టర్ చెడ్డదని నేను అనను. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో, రెండు వారాలకొకసారి మూత తెరిచి చూసే ఓపిక ఉన్నవారి చేతిలో అది మంచి ఫిల్టరే. మీ ఇంట్లో ఆ రెండు షరతుల్లో మొదటిది లేదు.

స్పాంజి విషయంలో మాస్టారు చెప్పని ఒక మంచి గుణం కూడా ఉన్నది. ఎయిర్ పంపు వాడుకునే కరెంటు చాలా స్వల్పం, మూడు నుంచి ఐదు వాట్లు. మీ ఇన్వర్టర్ మీద ఒక దీపం ప్లగ్గుకు దాన్ని కలిపించుకోండి, ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని. అది కుదరకపోతే బ్యాటరీతో నడిచి, కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే ఎయిర్ పంపులు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. పంపును నీటిమట్టానికంటే ఎత్తులో పెట్టండి, లేదా గొట్టంలో ఎదురు వాల్వు వేయించండి. లేకపోతే పంపు ఆగినప్పుడు నీళ్లు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులోకి, ప్లగ్గులోకి దిగుతాయి.


ఉప్పల్ నివాసి

మాస్టారికి, మల్కాజిగిరి గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒక స్పాంజి, ఒక టాప్ ఫిల్టరు అన్న ఏర్పాటు మా ఇంటికి సరిపోతుందనిపిస్తున్నది, ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలిపిస్తాను. అయితే ఫిల్టరు పెట్టినంత మాత్రాన అందులో బాక్టీరియా ఉండదు కదా. దాన్ని పెంచడం ఎలా? ఈలోగా దుకాణంలో సీసాల్లో అమ్మే బాక్టీరియా ద్రవాన్ని పోస్తే మరుసటి రోజే చేపలను వదలవచ్చునంటున్నారు. మా సంపు నీళ్లు కలగాపులగం కావడం వల్ల ఏమైనా తేడా వస్తుందా?


జవాబు: సైనిక్‌పురి గృహిణి

ఉప్పల్ నివాసి గారూ, మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మన నగరంలో ఫిల్టరు బాగోగులు సగం నీళ్ల మీదే ఆధారపడి ఉంటాయి.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఉండాలి కూడా. కొళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణమే చెబుతున్నది. మనల్ని కాపాడే ఆ క్లోరినే స్పాంజిలోని బాక్టీరియాను చంపుతుంది. నీళ్లను బకెట్లో పట్టి, ఎయిర్ పంపు రాయి వేసి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరగా కావాలంటే అక్వేరియం దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వెంటనే పనిచేస్తాయి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ, వాటికి వేరే గుణం ఉన్నది. మన రాతినేల బోర్ల నీళ్లు సాధారణంగా గట్టివి, క్షారగుణం ఎక్కువ. ఇది ఒక విధంగా మేలు, ఒక విధంగా ప్రమాదం.

మేలు ఏమిటంటే, అమోనియాను మార్చేటప్పుడు బాక్టీరియా నీటిలోని క్షారతను, అంటే ఆమ్లాన్ని అణచే గుణాన్ని, తినేస్తుంది, గ్రాము నత్రజనికి 7 గ్రాముల పైచిలుకు. మాస్టారి 64 మిల్లీగ్రాముల లెక్కన మీ 140 లీటర్లలో వారానికి లీటరుకు 23 మిల్లీగ్రాముల క్షారత తగ్గుతుంది. బోరు నీళ్లలో సాధారణంగా రెండు వందలకు పైన ఉండే క్షారతకు ఇది పెద్ద నష్టం కాదు. కానీ శుభ్రమైన నీళ్లని నమ్మి ఆర్వో నీళ్లు మాత్రమే పోసేవారి ట్యాంకులో ఆ క్షారత వారంలోనే అడుగంటి, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) 6 దాపుకు జారి, ఫిల్టరు పని దాదాపు నిలిచిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి. ప్రమాదం ఏమిటంటే, పీహెచ్ పెరిగినకొద్దీ అమోనియాలో విషపు భాగం పెరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర అది ఒక శాతం కంటే తక్కువ, 8 దగ్గర ఏడున్నర శాతం, 8.5 దగ్గర ఇరవై శాతం. అంటే మృదువైన నీటిలో చేప తట్టుకునే అమోనియాను బోరు నీటిలో తట్టుకోలేదు. మీ సంపులో ఏ రోజు ఏ నీళ్లు ఎక్కువో మీకు తెలియదు కాబట్టి, నీళ్లు మార్చిన ప్రతిసారీ కాకపోయినా మొదటి రెండు నెలలు పీహెచ్‌ను, క్షారతను చూసుకుంటూ ఉండండి. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు ఈ రెండిటినీ చెప్పదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. సంపు నీళ్లలో నైట్రేట్ ఎంత ఉన్నదో కూడా ముందే ఒకసారి కొలిచి పెట్టుకోండి. బస్తీల మధ్య ఉన్న కొన్ని బోర్లలో అది ముందే ఎక్కువగా ఉంటుంది, అప్పుడు తప్పు ఫిల్టరుది అనుకొని దాన్ని కెలుకుతాం.

ఇక బాక్టీరియాను పెంచడం. సీసాలోని ద్రవం ఒక్కొక్కసారి పనిచేస్తుంది, ఒక్కొక్కసారి చేయదు. ఆ సీసా ఎన్నాళ్లు ఏ ఎండలో ఉన్నదో మనకు తెలియదు. పోయాలనుకుంటే పోయండి, కానీ దాన్ని నమ్మి మరుసటి రోజే చేపలను వదలకండి. అంతకంటే నమ్మదగినది ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకులోని పాత స్పాంజి. మీ పక్కింటివారి టాప్ ఫిల్టరు ఏళ్లుగా నడుస్తున్నదని రాశారు కదా. వారిని అడిగి మీ కొత్త స్పాంజిని వారి ట్యాంకులో మూడు నాలుగు వారాలు ఉంచండి. లేదా వారి స్పాంజిలో నాలుగో వంతు ముక్కను కత్తిరించి తెచ్చి మీ టాప్ ఫిల్టరులో పెట్టండి. వారి చేపలకు జబ్బులేమీ లేవని మాత్రం చూసుకోండి. తెచ్చేటప్పుడు తడి ఆరకుండా కొంచెం ట్యాంకు నీళ్లతో మూత వదులు చేసిన డబ్బాలో తెచ్చి, గంటలోపు మీ నీటిలో వేయండి.

తరువాత ఆ బాక్టీరియాకు మేత కావాలి. చేపలు లేకుండా అమోనియాను అందించడానికి నేను వాడింది నవసాగరం, అంటే అమోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారి దగ్గర మనం చిన్నప్పుడు చూసిన తెల్ల పొడే. అయితే కళాయి సామాన్లలో దొరికేదాన్ని వాడకండి, అందులో ఏ లోహాలు కలిసి ఉంటాయో చెప్పలేము. ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణంలో శుద్ధమైనది తీసుకోండి. 140 లీటర్లకు ఒక గ్రాము వేస్తే లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాముల నత్రజని అవుతుంది. నీటిని పరీక్షించే చుక్కల మందు కిట్టుతో రోజు విడిచి రోజు అమోనియా, నైట్రైట్ చూడండి. మొదట అమోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. అమోనియా సున్నాకు వచ్చినప్పుడు మళ్లీ అర గ్రాము వేయండి. నైట్రైట్ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే ఆపి, సగం నీళ్లు మార్చండి. ఒక గ్రాము వేసిన 24 గంటల్లోపు రెండూ సున్నాకు వస్తే ఫిల్టరు సిద్ధమైనట్టు. పాత స్పాంజి లేకుండా ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పాత స్పాంజి ముక్క ఉంటే నాకు పదకొండు రోజుల్లో అయింది. చివరి నవసాగరం పని పూర్తయ్యాక సగానికి పైగా నీళ్లు మార్చి, మూడు ఒరాండాలను ఒకేసారి కాక మొదట ఒకదాన్ని, పది రోజుల తరువాత మిగిలిన రెండిటినీ వదలండి.

చేపలు ఉన్న ట్యాంకులో ఎప్పుడైనా నైట్రైట్ కనిపిస్తే, పది లీటర్లకు ఒక గ్రాము చొప్పున దొడ్డుప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. అది ఫిల్టరు కోలుకునేదాకా కాపాడే ఉపాయం మాత్రమే, నీళ్లు మార్చడం మానకూడదు. ట్యాంకు వెనుక మూలన ఒక మనీ ప్లాంటు తీగ వేళ్లను నీటిలో, ఆకులను బయట ఉండేటట్టు పెట్టండి. నైట్రేట్‌ను అది కొంత పీల్చుకుంటుంది. ఒరాండాలు వేళ్లను కొరుకుతాయి, కాబట్టి జాలీ అడ్డం పెట్టాలి.


జవాబు: తార్నాక మాస్టారు

మల్కాజిగిరి గారి సవరణను ఒప్పుకుంటున్నాను. గోల్డ్‌ఫిష్ మురికి విషయంలో నా లెక్క అసంపూర్ణం. టాప్ ఫిల్టరు తోడు ఉంటే మంచిదే. సైనిక్‌పురి అమ్మగారు చెప్పిన నవసాగరం కొలత సరైనదే, నేను వేరుగా లెక్క కట్టి చూశాను. ఆ ప్రయోగం జరుగుతున్నప్పుడు టాప్ ఫిల్టరును, ఎయిర్ పంపును ఒక్క గంట కూడా ఆపకండి. రాత్రి శబ్దం అవుతున్నదని చాలామంది పడుకునే ముందు ఆపుతారు.


ఉప్పల్ నివాసి

సైనిక్‌పురి అమ్మగారికి నమస్కారాలు. ఈ సాయంత్రమే మా పక్కింటివారిని అడిగాను, సంతోషంగా ఒప్పుకున్నారు. కొత్త స్పాంజిని వారి ట్యాంకులో వేసి వచ్చాము. కిట్టు తెచ్చి మా అమ్మాయి చేత గోడకు ఒక పట్టిక అంటింపజేశాను. తేదీ, అమోనియా, నైట్రైట్, పీహెచ్ అని నాలుగు గడులు. మా సంపు నీటి పీహెచ్ ఈ రోజు 8.1 చూపింది. ఇక ఒక్క సందేహం మిగిలింది. నిరుడు నా చేతులతో జరిగిన పొరపాటు మళ్లీ జరగకూడదు. స్పాంజిని ఎంత కాలానికి, ఎలా కడగాలి?


జవాబు: సైనిక్‌పురి గృహిణి

నీళ్లు మార్చే రోజున, ట్యాంకు నుంచి తీసిన నీళ్లలో అర బకెట్ పక్కన పెట్టుకోండి. ఎయిర్ పంపు ఆపి, స్పాంజిని నీటిలో ఉండగానే ఒక పాలిథీన్ సంచిలోకి జార్చి పైకి తీయండి, అప్పుడు మురికి ట్యాంకులో చెదరదు. బకెట్‌లో ముంచి, పసిపిల్లల బట్టలు పిండినంత మెత్తగా ఐదారుసార్లు పిండండి. నీళ్లు ముదురు డికాక్షన్ రంగులోకి వస్తాయి. స్పాంజి గోధుమరంగుగానే ఉండాలి, తెల్లబడేదాకా పిండకండి. జిగురు తగులుతూ ఉంటే పొర ఉన్నట్టే. బుడగలు బలహీనపడినప్పుడు, లేదా నెలకొకసారి, ఇలా చేస్తే చాలు. ఆ బకెట్ నీళ్లను మొక్కలకు పోయండి, మా కరివేపాకు వాటితోనే పెరుగుతున్నది. టాప్ ఫిల్టరులోని ముతక స్పాంజిని అదే రోజు ముట్టకండి, దాని వంతు రెండు వారాల తరువాత.